రాత్రి విమానములో దీపములు

కామారెడ్డి నుండి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డికి రాత్రివేళ బస్సులో ప్రయాణము చేసినవారు ఒక విషయమును గమనించియే యుందురు. బస్సు పట్టణపు వీధిదీపములను దాటి చీకటిదారి పట్టగానే డ్రైవరు తన వెనుకనున్న దీపమును ఆర్పించును. కండక్టరు ఇంకను టిక్కెట్లు ఇచ్చుచునే యుండును. చిల్లర లెక్కించుటకు ఆయనకు వెలుతురు కావలెను. అయినను బస్సు ముందుభాగమున దీపము వెలుగుట డ్రైవరునకు సమ్మతము కాదు.

"వెలుతురున్నచో మరింత బాగుగా కనబడును గదా! దీపమెందుకు ఆర్పినారు, తాతా?" అని ఒక బాలుడు అడుగవచ్చును. "దీపము మన మొగముల మీద వెలిగినచో ఆయనకు దారి కనబడదు, నాయనా!" అని తాత ప్రత్యుత్తరమిచ్చును.

తాత చెప్పిన మాట చిన్నదే. కాని అందులో పెద్ద శాస్త్రము ఇమిడి యున్నది. బస్సులో దీపము వెలుగుచున్నప్పుడు ముందున్న అద్దము దర్పణమువలె మారి, లోపలి మనుష్యులను, సీట్లను ప్రతిఫలింపజేయును. డ్రైవరు కన్ను కూడ ఆ వెలుతురునకు అలవాటుపడి, బయటి మసక వస్తువులను పట్టుకొనజాలదు. దీపము లేని సైకిలు, దారి దాటుచున్న ఎద్దు, పొలమునకు నీరు పెట్టి ఇంటికి మరలుచున్న రైతు – వీరందరి క్షేమము ఆ చిన్న దీపమును ఆర్పుటపై ఆధారపడి యున్నది.

ఆ బస్సుపై ఆకాశమున మరియొక వాహనము పోవుచుండవచ్చును. భారతదేశ పటముపై హైదరాబాదు నుండి ఢిల్లీకి ఒక సరళరేఖ గీచినచో అది కామారెడ్డికి మిక్కిలి సమీపముగా పోవును. ఎల్లారెడ్డి ఆ రేఖకు పడమట నుండును. విమానముల ఎడమ రెక్క కొనయందు ఎర్రదీపమును, కుడి రెక్క కొనయందు ఆకుపచ్చదీపమును, వెనుక తెల్లదీపమును ఉంచుట ప్రపంచమంతటను నియమము. కావున ఆ రేఖవెంట ఢిల్లీకి పోవు విమానమునకు ఎల్లారెడ్డి వైపున ఎర్రదీపము, హైదరాబాదునకు వచ్చు విమానమునకు ఆకుపచ్చదీపము ఉండును. ఇవి ఇతరులు విమానమును గుర్తించుటకై ఏర్పడిన దీపములు. విమానమును నడుపువారు కూర్చుండు గదిలో, అనగా కాక్‌పిట్టులో, వారు చూచుటకై ఏర్పడిన దీపములు వేరుగా కలవు. బస్సు డ్రైవరునకు కలిగిన చిక్కే అచ్చట మరింత కఠినమై ఎదురగును.

బస్సు డ్రైవరు బయటి దారిని చూచిన చాలును. విమాన చోదకుడు లోపలను, బయటను కూడ చూడవలెను. అతని ఎదుట ఎత్తును తెలుపు పరికరము, వేగమును తెలుపు పరికరము, దిక్కును తెలుపు పరికరము, యంత్రముల స్థితిని, ఇంధనమును తెలుపు పరికరములు ఉండును. వానిలో ముఖ్యమైనది కృత్రిమ దిగంతము. పగటివేళ భూమ్యాకాశములు కలియు రేఖను చూచి విమానము సమముగా నున్నదో, ఒక ప్రక్కకు ఒరిగినదో చోదకుడు తెలిసికొనును. చంద్రుడు లేని రాత్రి ఆ రేఖ కనబడదు. మనుష్యుని శరీరము ఆ లోపమును పూరింపజాలదు. విమానము మెల్లగా ఒరుగుచున్నను సమముగానే పోవుచున్నట్లు తోచును. కావున రాత్రివేళ కృత్రిమ దిగంతమే చోదకునకు దిక్కు.

1978వ సంవత్సరము జనవరి 1వ తేదీ రాత్రి బొంబాయి నుండి దుబాయికి బయలుదేరిన ఎయిర్ ఇండియా వారి బోయింగ్ 747 విమానము లేచిన కొలదిసేపటికే సముద్రములో కూలి, అందున్న 213 మందియు మరణించిరి. ప్రధాన చోదకుని ఎదుటనున్న కృత్రిమ దిగంతము చెడిపోయి తప్పు చూపినదనియు, అతడు దానిని అనుసరించి విమానమును ఎడమకు ఒరగించెననియు విచారణలో తేలినది. ఎదుట సముద్రము, ఆకాశము ఒకే చీకటియై యుండుటచే కంటితో సరిచూచుకొనుటకు వీలు లేకపోయెను. రాత్రివేళ ఒక్క పరికరమును మాత్రమే నమ్ముట చాలదు. అన్నిటిని ఒకదానితో నొకటి పోల్చి చూచుచుండవలెను. అట్లు చూచుటకు అవి స్పష్టముగా కనబడవలెను గదా!

అట్లయినచో కాక్‌పిట్టులో పెద్ద దీపము వెలిగించిన సరిపోదా? సరిపోదు. ఇందులకు కారణము మనుష్యుని కంటిలోనే కలదు.

కంటి లోపలి వెనుకభాగమున నేత్రపటలమను పలుచని పొర యున్నది. వెలుతురును గ్రహించు కణములు దానిలో రెండు విధములు. శంకువు ఆకారము గలవి సుమారు 60 లక్షలు. దండము ఆకారము గలవి సుమారు 12 కోట్లు. శంకు కణములు మంచి వెలుతురులో పనిచేయును. రంగులను గుర్తించునవి, సన్నని అక్షరములను చదువునవి ఇవియే. దండ కణములకు రంగులు తెలియవు, అక్షరములు తెలియవు. కాని నక్షత్రకాంతివంటి స్వల్పమైన వెలుతురును సైతము అవి గ్రహింపగలవు. కావున చీకటిలో చూపు దండ కణముల చలవయే.

దండ కణములలో రొడాప్సిన్ అను వర్ణద్రవ్యము ఉండును. వెలుతురు సోకగానే అది విరిగిపోవును. చీకటిలో మెల్లమెల్లగా మరల కూడుకొనును. ఎండలోనుండి చీకటి గదిలోనికి వచ్చినవానికి మొదట ఏమియు కనబడకపోవుట, కొంతసేపటికి గాదెలు, కుండలు ఒక్కొక్కటిగా కనబడుట ఇందువలననే. కంటిపాప విప్పారుట కొలది క్షణములలో జరుగు పని. శంకు కణములు చీకటికి అలవాటుపడుటకు పది నిమిషములు చాలును. దండ కణములు పూర్తిగా సిద్ధమగుటకు సుమారు 30 నిమిషములు పట్టును. అప్పుడు కన్ను వెలుతురులో నున్నప్పటికంటె వేల రెట్లు సూక్ష్మమైన కాంతిని గ్రహించును. కాని అరగంటలో కూడబెట్టిన ఈ ధనమును ఒక్క క్షణపు తీక్ష్ణకాంతి హరించును. చోదకుడు పెద్ద దీపము వెలిగించి ఒక పటమును చూచి ఆర్పినచో పటము కనబడుటయు నిజమే, తరువాత చాలసేపు బయట ఏమియు కనబడకపోవుటయు నిజమే.

దండ కణములకు మరియొక గుణము కలదు. నేత్రపటలపు నడిమి భాగమున అవి లేవు. కావున చీకటిలో ఒక వస్తువును సూటిగా చూచినచో అది మాయమగును. కొంచెము ప్రక్కకు చూచినచో కనబడును. నిర్మలమైన రాత్రి కృత్తికా నక్షత్రములను ఈ రెండు విధముల చూచి విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. ప్రక్కచూపున మరికొన్ని నక్షత్రములు తోచును. రాత్రివేళ విమానము నడుపువారికి ఈ ప్రక్కచూపును ప్రత్యేకముగా నేర్పుదురు. చీకటిలో ఒంటరి దీపమునొకదానిని రెప్పవాల్చక చూచుచుండినచో, కదలని ఆ దీపము కదలుచున్నట్లు భ్రమ కలుగును. నేలపైని దీపమును ఎదురు వచ్చు విమానమని పొరబడు ప్రమాదము అందువలన కలదు. కనుక చూపును ఒకచోట నిలుపక, మరల మరల మార్చుచుండవలెనని వారికి బోధింతురు.

విమానములలో దీపముల చరిత్ర ఈ చిక్కును విడదీయుటకు మనుష్యుడు చేసిన ప్రయత్నముల చరిత్రయే. తొలి దినములలో పరికరముల అంకెలపై రేడియము కలిపిన రంగును పూసెడివారు. రేడియమును క్యూరీ దంపతులు 1898లో కనుగొనిరి. దానిని జింకు సల్ఫైడుతో కలిపినచో ఆ మిశ్రమము చీకటిలో తనంతట తానే పచ్చగా మెరయును. విద్యుద్దీపముతో పని లేక అంకెలు కనబడుట చూచి అందరును సంతసించిరి. కాని దాని మూల్యము తరువాత తెలిసినది. అమెరికాలోని కర్మాగారములలో గడియారముల అంకెలకు ఈ రంగును పూసిన యువతులు కుంచె మొన సన్నగా నుండుటకై దానిని పెదవులతో అద్దెడివారు. అట్లు చేయుమని వారికి నేర్పినవారు దాని హానిని వారికి తెలుపలేదు. కొన్ని సంవత్సరములకు వారి దవడ ఎముకలు క్షీణించెను; అనేకులు మరణించిరి. న్యూజెర్సీ రాష్ట్రమున ఐదుగురు బాధితులు వేసిన వ్యాజ్యము 1928లో రాజీతో ముగిసెను. పనివారి ఆరోగ్యమును గూర్చిన చట్టములు బలపడుటకు ఆ వ్యాజ్యము తోడ్పడినది. క్రమముగా రేడియము పూత విమానముల నుండి తొలగిపోయెను.

తరువాత వచ్చినది ఎర్రదీపము. దీనికి ఆధారము ఒక పూదోటలో దొరికినదని చెప్పవచ్చును. సందెవేళ మందార చెట్టును చూడుడు. పగలు నిప్పువలె వెలుగు పువ్వు చీకటి పడుచుండగా నల్లబడును. ఆకులు మాత్రము కొంత తెల్లగా తోచుచుండును. ఇట్టి మార్పును బొహీమియా దేశపు శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 1825లో వర్ణించెను. కారణమిది: శంకు కణములకు 555 నానోమీటర్ల ప్రాంతపు పసుపుపచ్చ కాంతి ఎక్కువ ఇష్టము, దండ కణములకు 507 నానోమీటర్ల ప్రాంతపు నీలిపచ్చ కాంతి ఇష్టము. ముదురు ఎరుపు దండ కణములకు దాదాపు కనబడదు. కావున మసకగా వెలుగు ఎర్రదీపమున పరికరములను శంకు కణములతో చదువవచ్చును. దండ కణములు ఆ వెలుతురును లెక్కచేయక తమ చీకటి చూపును నిలుపుకొనును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున రాత్రివేళ ఎగురు సైనిక విమానములలో ఎర్రదీపములు విస్తరించెను. ఆజ్ఞకై వేచియున్న వైమానికులు ఎర్ర కళ్ళద్దములు ధరించి వెలుతురు గదులలో కూర్చుండెడివారు. పిలుపు రాగానే అద్దములు తీసి చీకటిలోనికి పరుగెత్తెడివారు.

ఎర్రదీపమునకు లోపములు లేకపోలేదు. దాని వెలుతురులో పటముపైని ఎర్రగీతలు కాగితములో కలిసిపోయి కనబడవు. రంగుల తేడా తెలియదు. దగ్గరి అక్షరములపై దృష్టి నిలుపుటకు కన్ను ఎక్కువ శ్రమపడును. నలుబదియేండ్లు దాటిన చోదకులకు ఇది మరింత కష్టము. అందుచే యుద్ధానంతరము ప్రయాణికుల విమానములలో మితమైన తెల్లదీపమునకే ప్రాధాన్యము వచ్చెను. రాత్రి దృష్టి దుర్భిణులు ధరించు సైనిక చోదకుల విషయమున మరియొక వింత జరిగినది. ఆ దుర్భిణులు ఎరుపును, ఎరుపునకు ఆవలి కాంతిని పెంచి చూపును గనుక, పూర్వము మేలు చేసిన ఎర్రదీపమే వానిని మిరుమిట్లు గొలుపును. అట్టి విమానములలో నీలిపచ్చ దీపములనే వాడుదురు. ఒక పనికి మేలైనది మరియొక పనికి కీడగునని దీనివలన తెలియుచున్నది.

మన దేశమున రాత్రి విమానయానము తపాలా సంచులతో విస్తరించినది. 1949వ సంవత్సరము జనవరిలో రాత్రి వైమానిక తపాలా ప్రారంభమయ్యెను. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరముల నుండి బయలుదేరిన విమానములు నడిరేయి నాగపూరులో కలిసికొని, సంచులను మార్చుకొని, తెల్లవారునప్పటికి తమ తమ నగరములకు మరలెడివి. మద్రాసు విమానము పోవలసిన దారి తెలుగుదేశము మీదుగానే. నాటి డకోటా విమానములలో నేటివలె తెరలు లేవు. నిద్రించుచున్న గ్రామములపై మసక వెలుతురున చిన్న గుండ్రని పరికరములను చదువుకొనుచు చోదకులు ఉత్తరములను మోసిరి.

నేటి విమానములలో అనేక పరికరములకు మారుగా వెలుగు తెరలు వచ్చినవి. అయినను నియమము మారలేదు: చదువుటకు చాలినంత వెలుతురే యుండవలెను, అంతకు మించరాదు. ప్రతి దీపమునకు, ప్రతి తెరకు కాంతిని హెచ్చించు, తగ్గించు మీట యుండును. బయలుదేరుటకు ముందు చోదకులు దీపములన్నిటిని పరీక్షించి, పరికరములు చదువ వీలగునంతవరకే కాంతిని తగ్గించుకొందురు. దీపములన్నియు ఆరిపోయినను పని ఆగకుండుటకై చేతికందునట్లు టార్చిలైటు నుంచుకొందురు. దారిలో ప్రకాశవంతమైన దీపము వెలిగింపక తప్పనప్పుడు ఒక కన్ను మూసికొనవచ్చును. అట్లు చేసినచో కనీసము ఆ కంటికైనను చీకటి చూపు నిలుచును.

ఈ నియమమునకు ఒక విపర్యయము కలదు. ఉరుములు మెరుపులతో కూడిన మేఘముల సమీపమునకు వచ్చినపుడు చోదకులు కాక్‌పిట్టు దీపములను పూర్తిగా హెచ్చింతురు. మెరుపు ఎట్లును చీకటి చూపును చెరచును. చీకటికి అలవాటుపడిన కంటిపై మెరుపు పడినచో కొంతసేపు పరికరములు కూడ కనబడవు. అట్టి వేళ బయటి చూపును వదలుకొని లోపలి చూపును కాపాడుకొనుటయే వివేకము. దీపమును తగ్గించుట మాత్రమే కాదు, ఎప్పుడు హెచ్చింపవలెనో తెలియుటయు విద్యయే.

ప్రయాణికులు కూర్చుండు భాగమున సైతము రాత్రివేళ విమానము లేచునపుడు, దిగునపుడు దీపములు తగ్గింతురు. ఇది పొదుపునకై చేయు పని కాదు. ప్రమాదము సంభవించి చీకటిలోనికి పరుగెత్తవలసి వచ్చినచో ప్రయాణికుల కన్నులు ముందే చీకటికి సిద్ధపడి యుండవలెను. బయట మంటలున్నచో కిటికీలోనుండి కనబడవలెను. అందులకే ఆ ఏర్పాటు.

దీపముల విషయమున మరియొక హెచ్చరికను 1972వ సంవత్సరము డిసెంబరు 29వ తేదీ రాత్రి జరిగిన ఘోరము తెలుపుచున్నది. అమెరికాలోని మయామీ నగరమునకు 176 మందితో వచ్చుచున్న విమానమున ముందు చక్రము దిగినదని తెలుపు చిన్న దీపము వెలుగలేదు. నిజమునకు చక్రము దిగియే యున్నది. బల్బులు మాత్రము మాడిపోయినవి. సంగతి తేల్చుకొనుటకై విమానమును 2,000 అడుగుల ఎత్తున త్రిప్పుచు, కాక్‌పిట్టులోని వారందరును ఆ దీపముపైననే దృష్టి నిలిపిరి. ఇంతలో ఎత్తును నిలుపు స్వయంచాలక యంత్రము పొరపాటున విడివడి, విమానము మెల్లగా దిగసాగెను. క్రింద దీపములు లేని చిత్తడి నేల. దిగుచున్నట్లు కంటికి తెలుపునది ఏదియు లేదు. ఎత్తును చూపు పరికరము నిజమే చెప్పుచుండెను. దానిని చూచినవారు లేరు. విమానము నేలకు కొట్టుకొని 101 మంది మరణించిరి. ఎవరు ఏ పని చూచుచున్నను ఒకరు మాత్రము సదా విమానమును నడుపుటయందే మనస్సు నిలుపవలెనని నేడు చోదకులందరికిని నేర్పుదురు.

ఇంత జాగ్రత్త తీసికొన్నను, కంటిలో సత్తువ లేనిచో ప్రయోజనము లేదు. రొడాప్సిన్ తయారగుటకు ఎ విటమిను కావలెను. ఈ సంబంధమును వెల్లడించిన జార్జి వాల్డునకు 1967లో నోబెలు బహుమతి లభించినది. ఆహారమున ఎ విటమిను కొరవడినవారికి రేచీకటి కలుగును. సందె పడగానే వారికి చూపు మందగించును. వ్యాధి ముదిరినచో పసిపిల్లలు శాశ్వతముగా చూపు కోల్పోవుదురు. కూనూరు నుండి 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన పరిశోధనాలయమే నేటి జాతీయ పోషకాహార సంస్థ. చిన్నపిల్లలకు ఆరు నెలలకొకమారు ఎ విటమినును పెద్ద మోతాదున ఇచ్చినచో ఈ అంధత్వమును నివారింపవచ్చునని ఆ సంస్థవారు పరిశోధించి చూపిరి. దాని ఆధారముగా 1970లో దేశవ్యాప్తమైన కార్యక్రమము ప్రారంభమయ్యెను. పెరటిలోని మునగాకు, తోటకూర, బొప్పాయి, మామిడిపండు ఎ విటమినునకు ఆధారములే. కావున రాత్రి విమానము నడుపు చూపునకును, పల్లెటూరి పెరటికిని సంబంధము లేకపోలేదు.

భారతదేశమున వృత్తిగా విమానము నడుపుటకు లైసెన్సు కోరువారు 200 గంటలు విమానము నడిపి యుండవలెను. అందులో కనీసము 5 గంటలు రాత్రివేళ నడిపి, 10 మారులు లేచి, 10 మారులు దిగి యుండవలెను. కామారెడ్డి నుండి హైదరాబాదు పోవు దారికి సమీపమున దుండిగల్లులోని వాయుసేన అకాడమీలో యువతీయువకులు విమానయానము నేర్చుకొనుచున్నారు. చీకటిని జయించుటకు వెలుతురు ఒక్కటే సాధనమనుకొని వచ్చినవారు, వెలుతురును మితముగా వాడుట కూడ ఒక సాధనమేయని అట్టి శిక్షణలో గ్రహింతురు.

ఎల్లారెడ్డి బస్సు ఊరు చేరినది. డ్రైవరు దీపము వెలిగించెను. ప్రయాణికులు మూటలు వెదకికొని దిగిరి. బాలుడు తాత చేయి పట్టుకొని ఇంటిదారి పట్టెను. తాత చేతిలోని టార్చిలైటు వెలుగును ఎదుటివారి కన్నులలో పడనీయక, నేలవైపునకు వంచి, అడుగు ముందర మాత్రమే ప్రసరింపజేసెను. ఆకాశమున పోవుచున్న చోదకుడును తన ఎదుటి దీపమును ఇంచుక తగ్గించుకొని, చీకటిలోనికి చూచుచు సాగిపోయెను.